మందులేని పురుగు పోయింది... మందున్న పురుగు పోలేదు!

ఒకప్పుడు రాయలసీమ పల్లెల్ని మంచాన పడేసిన నారికురుపుకు మందు లేదు, టీకా లేదు. అయినా అది మాయమైపోయింది. పిల్లల కడుపులో కాపురముండే ఏలికపాముకు నమిలి మింగే మాత్ర ఉంది. అదీ ఉచితంగా! అయినా అది మాత్రం పోలేదు. ఎందుకని?

రాయలసీమలో డెబ్భై ఏళ్లు దాటిన పెద్దవాళ్ల దగ్గర 'నారికురుపు' అన్న మాట ఎత్తి చూడండి. చాలామంది చేయి తెలియకుండానే మోకాలి కిందికి పోతుంది. అదే మాట వాళ్ల మనవల్ని అడగండి. 'అంటే ఏంటి?' అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఒక రోగం పోయిందనడానికి అంతకుమించిన సాక్ష్యం అక్కర్లేదు. పేరు కూడా మరచిపోయేంతగా పోయింది.

నారికురుపు ఒక పురుగు వల్ల వచ్చేది. పిల్లలకు కడుపునొప్పి తెప్పించే ఏలికపాము, ఒంట్లో రక్తం పీల్చే కొంకిపురుగు... ఇవీ ఆ జాతివే. అన్నీ గుండ్రటి ఒళ్లున్న పురుగులే. నాలుగు చుట్టాల్లో ఒకటి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. మిగతావి మాత్రం ఇప్పటికీ ప్రపంచంలో సుమారు 150 కోట్ల మంది కడుపులో తిష్ఠ వేసుక్కూర్చున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క అది. అంటే భూమ్మీద ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు. ఆ ఒకరు ఎక్కడుంటారో వేరే చెప్పాలా? ఆఫ్రికాలో, ఆసియాలో, దక్షిణ అమెరికాలో... మరుగుదొడ్డి లేని పెరళ్లలో, చెప్పుల్లేని కాళ్ల దగ్గర.

పుల్లకు చుట్టిన పురుగు

నారికురుపు కథ దిగుడుబావి మెట్ల మీద మొదలయ్యేది. కాలిమీద బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మంట. ఆ మంట తట్టుకోలేక మనిషి బావిలోకి దిగి కాలు నీళ్లలో పెడతాడు. పురుగుకు కావాల్సిందీ అదే. బొబ్బ పగిలి, తల బయటపెట్టి, లక్షల కొద్దీ పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. వాటిని కంటికి ఆనీ ఆనని నీటి ఈగలు మింగుతాయి. ఆ నీళ్లనే బిందెల్లో ముంచుకుని ఊరంతా తాగుతుంది. దాదాపు ఏడాది గడిచాక మరొకరి కాలిమీద ఇంకో బొబ్బ!

బయటికొచ్చే పురుగు పొడవు మూరన్నర నుంచి రెండు మూరలు. సన్నగా, తెల్లగా, వింటినారిలా ఉంటుంది. ఒక్కసారిగా లాగితే తెగిపోయి కాలు చీము పడుతుంది. అందుకే పుల్లకు చుట్టి, రోజుకు కొద్దికొద్దిగా ఓపిగ్గా లాగాలి. వారాలు పట్టేది. సరిగ్గా సేద్యం పనులున్న రోజుల్లోనే ఇంట్లో ఇద్దరు ముగ్గురు మంచానికి అతుక్కుపోతే ఆ ఇంటి గింజలు ఏమవుతాయో రైతు కుటుంబాలకు చెప్పక్కర్లేదు.

దేశంలో నారికురుపు నిర్మూలన కార్యక్రమం మొదలైన 1980ల తొలినాళ్లలో ఏటా సుమారు 40 వేల కేసులుండేవి. రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటకలతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా బాధిత రాష్ట్రమే. చేతిలో మందు లేదు. ఉన్నవి రెండే: గుడ్డ, గోడ! తాగే నీటిని మడత గుడ్డతో వడకట్టడం నేర్పారు. దిగుడుబావుల మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, చేదబావులుగా మార్చారు. చేతిపంపులు వేశారు. నీటి ఈగలు చావడానికి బావుల్లో మందు చల్లారు. కాలిమీద బొబ్బ ఉన్నవాళ్లను నీళ్లలోకి దిగనీయకుండా చూశారు. ఇంటింటికీ తిరిగి కేసులు వెతికారు.

1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో చివరి కేసు కనిపించింది. 2000 ఫిబ్రవరిలో 'భారత్‌లో నారికురుపు లేదు' అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 1986లో ప్రపంచం మొత్తమ్మీద ఏటా 35 లక్షల మందికి వచ్చిన ఈ జబ్బు, 2024లో కేవలం 15 మందికి వచ్చింది. పదిహేను లక్షలు కాదు... పదిహేను మంది!

జానెడు పాము, రెండు లక్షల గుడ్లు

మరి దీని చుట్టమైన ఏలికపాము సంగతేంటి?

అది పెద్దదే. జానెడు నుంచి జానెడున్నర ఉంటుంది. వాన వెలిశాక కనిపించే ఎర్రకు అన్నలాంటిది. చిన్నపేగుల్లో ఉంటుంది. మనం తిన్నది మనకంటే ముందు అది తింటుంది. ఒక ఆడపురుగు రోజుకు సుమారు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. అవన్నీ మలంతో బయటికొస్తాయి.

ఇక్కడే ఒక చిత్రముంది. బయటికొచ్చిన గుడ్డు వెంటనే ఎవరికీ హాని చేయదు. మట్టిలో రెండు మూడు వారాలుండి పక్వానికి రావాలి. తడి, నీడ, వెచ్చదనం దొరికితే చాలు... అక్కడే నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూడా ఓపిగ్గా కాచుకుని కూర్చుంటుంది. గుడ్డు చుట్టూ ఉండే పొర బాగా గట్టిది. సబ్బు నురగ దాన్ని చంపలేదు, కడిగి పారేయగలదంతే. నీళ్లలో వేసే క్లోరిన్‌కూ లొంగదు. బాగా ఎండితే, వేడి తగిలితే మాత్రం చస్తుంది.

మట్టిలో ఆడుకున్న చేతితో పిల్లవాడు బొరుగులు తింటాడు. కడగని ముల్లంగి కొరుకుతాడు. గోళ్లు కొరుకుతాడు. గుడ్డు కడుపులోకి చేరుతుంది. ఆ తర్వాత ప్రయాణం వింటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. పేగులో గుడ్డు పగిలి, పిల్లపురుగు పేగు గోడను తొలుచుకుని రక్తంలోకి దిగుతుంది. కాలేయం మీదుగా గుండెకు, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకు వెళుతుంది. గొంతులోకి పాకి వస్తుంది. పిల్లవాడు దగ్గి గుటక వేస్తే మళ్లీ పేగుల్లోకే! ఈసారి అక్కడ స్థిరపడి పెద్దదవుతుంది. గుడ్డు మింగిన రోజు నుంచి కొత్త గుడ్లు పెట్టేదాకా పట్టేది రెండు మూడు నెలలు. ఆ తర్వాత ఏడాది, రెండేళ్లు మకాం.

ఒకటి రెండు ఉంటే చాలామందికి తెలియను కూడా తెలియదు. పెరిగితే ఆకలి మందగిస్తుంది. పొట్ట ఉబ్బుతుంది. తిన్నది ఒంటపట్టదు. మరీ ఎక్కువైతే ముద్దకట్టి పేగుకే అడ్డం పడతాయి. ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం అప్పుడే.

కాలిలోంచి వచ్చే దొంగ

ఏలికపాము నోట్లోంచి వస్తే, కొంకిపురుగు కాలిలోంచి వస్తుంది. దీని పిల్లలు తడిమట్టిలో తల పైకెత్తుకుని ఎదురుచూస్తుంటాయి. చెప్పుల్లేని కాలు తగిలితే చర్మంలోంచి దూరిపోతాయి. కాలివేళ్ల సందుల్లో కాస్త దురద. అంతే, ఇక దాని సంగతి మనిషి మరిచిపోతాడు. అది మాత్రం పేగు గోడకు పళ్లతో కరుచుకుని రక్తం తాగుతూ ఏళ్ల తరబడి బతికేస్తుంది.

ఎంత తాగుతుంది? రకాన్ని బట్టి ఒక్కో పురుగు వల్ల రోజుకు 0.03 నుంచి 0.2 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 'ఇంతేనా' అనిపిస్తుంది కదూ. వంద పురుగులున్నాయనుకుందాం. తక్కువ తాగే రకమైనా రోజుకు 3 మిల్లీలీటర్లు. నెలకు 90. రోజూ ఒక చెంచాకన్నా తక్కువే కావచ్చు. కానీ సంగటి, చారు తిని పెరిగే పిల్లకు, నెలనెలా రక్తం పోయే ఆడపిల్లకు, కడుపుతో ఉన్న తల్లికి ఆ చెంచా ఎక్కణ్నుంచి రావాలి?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి. దీనికంతటికీ పురుగులే కారణమనడం తప్పు. తిండిలో ఇనుము చాలకపోవడం, వెంటవెంటనే కాన్పులు, ఇతర జబ్బులు... చాలా ఉన్నాయి. కానీ కుండకు చిల్లు ఉంచి నీళ్లు పోస్తే ఏం లాభం? అందుకే 2018లో మొదలైన 'అనీమియా ముక్త్ భారత్' కార్యక్రమంలో ఐరన్ మాత్రలతో పాటు నులిపురుగుల మాత్రకూ చోటిచ్చారు. ఐరన్ మాత్ర నీళ్లు పోస్తుంది. పురుగుల మాత్ర చిల్లు పూడుస్తుంది.

ఈ రెండింటితో పాటు పేగుల్లో చేరే మూడోది కొరడాపురుగు. చూడ్డానికి చర్నాకోలలా ఒకవైపు సన్నగా, మరోవైపు లావుగా ఉంటుంది. ఇదీ ఏలికపాములాగే మట్టిలోంచి నోటికొస్తుంది. ఈ మూడింటినీ కలిపి ఆరోగ్యశాఖవాళ్లు 'నులిపురుగులు' అంటున్నారు. పెద్దవాళ్లు నులిపురుగులని పిలిచేవి నిజానికి వేరు. రాత్రిళ్లు ఆసనం దగ్గర దురద పెట్టే సన్నటి తెల్లదారాల్లాంటి పురుగులవి. వాటికి మట్టితో పనిలేదు. చేతులు, పక్కబట్టల ద్వారా ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి.

కరవు నేలలో పురుగులా?

శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు ప్రాంతం చూసినవారికి ఒక సందేహం రావడం సహజం. ఉమ్మడి అనంతపురం అంటేనే దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఎర్రమట్టి, రాళ్లగుట్టలు, వేరుశనగ చేలు. నడివేసవిలో కాలు పెడితే కాలిపోయే ఆ నేలలో గుడ్లు బతుకుతాయా?

బయలు నేలలో చాలావరకు బతకవు. మండే ఎండ వాటికి యముడే. కాకపోతే పురుగుకు ఊరంతా అక్కర్లేదు. చారెడు తడి చాలు. కొళాయి చుట్టూ నిలిచే నీళ్లు, స్నానాల గది నుంచి పెరట్లోకి పారే కాలువ, అరటి మొదలు, పెంటదిబ్బ నీడ... ఏ ఇంటికైనా ఇవి ఉంటాయి. హిందూపురం, చిలమత్తూరు వైపు పట్టుపురుగుల పెంపకం ఎక్కువ. మల్బరీ తోటకు ఎప్పుడూ తడి కావాలి. తోట పెరిగితే నేలంతా నీడే. తడి, నీడ, వదులుమట్టి... కొంకిపురుగు కోరుకునేవి సరిగ్గా ఇవే. ఆ తోటగట్టునే ఎవరైనా బహిర్భూమికి వెళ్లి ఉంటే, వారం పది రోజుల తర్వాత వట్టికాళ్లతో ఆకు కోసే ఆడవాళ్లకు అది అంటుకునే వీలుంది. ఒక పురుగును పెంచి బతికే ఇంటికి, ఇంకో పురుగు చెప్పకుండా వచ్చి చేరుతుందన్నమాట!

వానాకాలం మొదలైతే నేలంతా మెత్తబడుతుంది. పిల్లలు బురదలో ఆడతారు. బడి పక్క ఖాళీస్థలం, ఊరి చివర కంపచెట్ల చాటు, చెరువుకట్ట వెనక... జనం వెళ్లే ఆ చోట్ల నుంచి వాననీరు గుడ్లను మోసుకుని వీధిలోకే వస్తుంది.

దేశం మొత్తమ్మీద చూస్తే ఈ బెడద ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంది. కేంద్ర ప్రభుత్వం చేయించిన తొలి సర్వేల్లో మధ్యప్రదేశ్‌లో 12.5 శాతం ఉంటే, తమిళనాడులో 85 శాతం కనిపించింది. దేశంలో 14 ఏళ్లలోపు పిల్లలు సుమారు 24 కోట్ల మందికి ఈ పురుగుల ముప్పు ఉందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ తర్వాతి సర్వేల్లో చాలా రాష్ట్రాల్లో తగ్గుదల కనిపించింది. అది మంచి కబురే.

ఆ రోజు బడికి పంపుతున్నారా?

ఆ తగ్గుదలలో పెద్ద వాటా ఒక చిన్న మాత్రది. పేరు ఆల్బెండజోల్. బడి పిల్లలకు దీన్ని పెద్దఎత్తున పంచడం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లోనే జరిగింది. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 'జాతీయ నులిపురుగుల నివారణ దినం' మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అది దేశమంతటికీ విస్తరించింది. ఏటా ఫిబ్రవరి 10న, బెడద ఎక్కువున్న చోట ఆగస్టు 10న మరోసారి, ఏడాది నుంచి 19 ఏళ్ల వయసున్న వారందరికీ బడుల్లో, అంగన్‌వాడీల్లో మాత్ర వేస్తారు. ఆ రోజు రానివాళ్లకు కొద్దిరోజుల తర్వాత మరో రోజు కేటాయిస్తారు.

ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు సగం మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు. రెండేళ్లు దాటితే పూర్తి మాత్ర, 400 మిల్లీగ్రాములు. చిన్నపిల్లలకు పొడి చేసి నీళ్లలో కలిపి పట్టాలి. పెద్దపిల్లలు నమిలి మింగాలి. పురుగు బతకడానికి కావాల్సిన చక్కెరను పీల్చుకోనీయకుండా చేస్తుందిది. అంటే మనల్ని ఆకలితో మాడ్చే పురుగును మాత్ర ఆకలితో మాడ్చేస్తుంది!

అయితే ఆ రోజు హాజరు పట్టీ చూస్తే మాత్రం ఖాళీలు కనిపిస్తాయి. అంగన్‌వాడీ టీచరుకు, తల్లికి మధ్య మాటలు ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఇలాగే నడుస్తాయి.

"ఏమ్మా, నిన్న పాపను పంపలేదేమి?"

"యాడక్కా... పోయినసారి మాత్ర మింగి కడుపునొప్పని ఏడ్సింది. మా యత్త వద్దనె."

అత్తగారి భయానికి అర్థం లేకపోలేదు. మాత్ర వేసుకున్నాక కొందరు పిల్లలకు వికారం, కడుపునొప్పి, ఒకటి రెండు వాంతులు కావచ్చు. పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లల్లోనే ఇవి ఎక్కువ. పురుగులు చచ్చేటప్పుడు జరిగే అలజడి అది. కాసేపు పడుకోబెట్టి, నీళ్లు తాగిస్తే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. జ్వరంతోనో, మరే జబ్బుతోనో ఉన్న పిల్లలకు ఆ రోజు వేయకుండా, తగ్గాక వేయించాలి. ఏ మందైనా వాడుతున్న పిల్లల సంగతి ముందే చెప్పాలి. ఏడాదిలోపు పసికందులకు ఈ మాత్ర వద్దు. గర్భిణులు డాక్టరు చెబితే తప్ప వేసుకోకూడదు. తొలి మూడు నెలల్లో అసలే వద్దు.

మాత్ర మింగితే సరిపోతుందా?

ఇక అసలు విషయానికొద్దాం. ఒక్క మాత్రతో ఏలికపాములున్న వంద మందిలో దాదాపు 95 మందికి అవి పోతాయి. కొంకిపురుగులైతే 80 మందికి. కొరడాపురుగులు మొండివి. వంద మందిలో ముప్పై మందికే నయమవుతుంది.

అంత బాగా పనిచేస్తే ఏలికపాము ఈపాటికి నారికురుపు దారి పట్టాలి కదా! పట్టలేదు. మాత్ర కడుపులోని పురుగును చంపుతుంది. పెరట్లోని గుడ్డును చంపలేదు. మాత్ర మింగిన పిల్లవాడు సాయంత్రం మళ్లీ అదే మట్టిలో ఆడతాడు. వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, మాత్ర వేసిన ఏడాదికల్లా ఏలికపాముల బెడద దాదాపు మునుపటి స్థాయికి వచ్చేస్తున్నట్టు తేలింది. నారికురుపులాగే దీనికీ ఒకసారి వచ్చిపోతే మళ్లీ రాకుండా కాపాడే రోగనిరోధకశక్తి ఒంట్లో గట్టిగా ఏర్పడదు.

ఈ మాత్రల మీద ప్రపంచంలో వాదోపవాదాలు కూడా తక్కువేం జరగలేదు. కెన్యాలోని బుసియా ప్రాంతంలో 1998లో మొదలైన ప్రయోగంలో, మాత్రలిచ్చిన బడుల్లో పిల్లలు బడి మానడం పావువంతు తగ్గిందని ఆర్థికవేత్తలు మైకేల్ క్రెమర్, ఎడ్వర్డ్ మిగెల్ తేల్చారు. మాత్ర వేసుకోని పక్క పిల్లలకూ మేలు జరిగిందన్నారు. ఊళ్లో పురుగులు తగ్గితే మట్టిలో గుడ్లూ తగ్గుతాయి కదా! ఆ క్రెమర్‌కే 2019లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. ఇంకోవైపు ఉత్తరప్రదేశ్‌లో సుమారు పది లక్షల మంది పసిపిల్లలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఆరునెలలకోసారి మాత్ర ఇచ్చినా పిల్లల మరణాల్లో పెద్ద తేడా కనిపించలేదు. అంటే మాత్ర పనికిరాదని కాదు. పురుగులు ఎక్కువున్న పిల్లకు అది గొప్ప ఊరట. కానీ ఊరి బాగుకు ఆ ఒక్కటే చాలదు.

ఒక పాప చావు... ఒక దేశం మేలుకొలుపు

ఇది సాధ్యమేనా అనుకునేవాళ్లు దక్షిణ కొరియా వైపు చూడాలి. 1963లో అక్కడి జియోంజు పట్టణంలో తొమ్మిదేళ్ల పాపను కడుపునొప్పితో ఆస్పత్రికి తెచ్చారు. ఆపరేషన్ చేసి పేగుల్లోంచి 1,063 ఏలికపాముల్ని తీశారు. పాప దక్కలేదు. ఆ వార్త దేశాన్ని కుదిపేసింది. ఆ మరుసటి ఏడాదే పరాన్నజీవుల నిర్మూలనకు ఒక సంఘం ఏర్పడింది. 1966లో చట్టం వచ్చింది. 1969 నుంచి 1995 వరకు బడి పిల్లలందరికీ ఏటా రెండుసార్లు మలపరీక్ష చేసి, పురుగులున్నవారికి మందిచ్చారు.

1971లో ఆ దేశంలో పరీక్షించిన ప్రతి వంద మందిలో 84 మందికి ఏదో ఒక పురుగు ఉంది. 1997 నాటికి అది 2.4కి పడిపోయింది. మాత్రలొక్కటే చేశాయా ఆ పని? కాదు. అదే కాలంలో మనుషుల మలాన్ని కూరగాయల మళ్లకు ఎరువుగా వేయడం మానేశారు. మరుగుదొడ్లు, మురుగుకాల్వలు, కొళాయి నీళ్లు ఇంటింటికీ వచ్చాయి. మాత్ర ఒకవైపు నుంచి, మరుగుదొడ్డి మరోవైపు నుంచి తరిమితే మధ్యలో పురుగుకు నిలువ నీడ లేకపోయింది.

మన పెరట్లో ఏం చేయాలి?

2014లో మొదలైన స్వచ్ఛభారత్‌తో ఊళ్లలో మరుగుదొడ్లు పెరిగాయి. 2019 అక్టోబరు 2న దేశంలోని పల్లెలన్నీ బహిరంగ మలవిసర్జన లేనివిగా ప్రకటించారు. ఇంటి ముందో వెనకో గది ఉంది, నిజమే. దానిలో కట్టెలు, పాతసామాన్లు ఉన్నాయా, మనుషులు వెళుతున్నారా అన్నదే ప్రశ్న. నీటిఎద్దడి ఉన్నచోట బిందెడు నీళ్లు మోసుకొచ్చి దొడ్లో పోయాలంటే ఆడవాళ్లకు భారమే. అందుకే మగవాళ్లు చెంబు పట్టుకుని పొలం గట్టుకే నడుస్తారు. ఇంట్లో నలుగురు గదిలోకి, ఒక్కరు గట్టు మీదికి వెళ్లినా పురుగుకు దారి తెరిచి ఉన్నట్టే.

అందరూ మరిచిపోయేది ఇంకొకటుంది. పసిపిల్లల మలం. 'పాలు తాగే బిడ్డదేగా, ఏం కాదులే' అని దిబ్బమీదో, వీధి కాలవలోనో పారబోస్తారు. పాకే వయసు దాటి మట్టి నోట్లో పెట్టుకునే బిడ్డ కడుపులోనూ పురుగులుంటాయి. ఆ గుడ్లు పెద్దవాళ్ల గుడ్లకేం తీసిపోవు. దాన్నీ మరుగుదొడ్లోనే పారబోయాలి.

రెండు గుంతల మరుగుదొడ్డి ఉన్నవాళ్లు నిండిన గుంతను మూసి, రెండోది వాడుకోవాలి. మూసినదాన్ని కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు కదపకూడదు. గుంతలో అన్నిటికంటే ఆలస్యంగా చచ్చేవి ఏలికపాము గుడ్లే. తొందరపడి ఎరువుగా తోలితే చేలో విత్తనం చల్లినట్టే.

చెప్పులు పట్నం సోకు కాదు. తోటలోకి, పెరట్లోకి వెళ్లే కాళ్లకు కవచం. అన్నం ముందు, దొడ్డికెళ్లొచ్చాక సబ్బుతో చేతులు రుద్ది కడగాలి. సబ్బు గుడ్డును చంపకపోయినా చేతిమీంచి దించేస్తుంది. వారానికోసారి గోళ్లు తీయాలి. పచ్చివి తినే కూరగాయల్ని పారే నీళ్లలో రుద్ది కడగాలి. కొళాయి చుట్టూ నీళ్లు నిలవకుండా రెండు చట్ల సిమెంటు వేసినా మేలే.

ఇవి నిజమేనా?

*బెల్లం, మిఠాయిలు తింటే పురుగులు పుడతాయి.* పుట్టవు. గుడ్డు నోట్లోకి పోకుండా, పిల్లపురుగు చర్మంలోంచి దూరకుండా కడుపులో పురుగు పుట్టదు. కడగని చేత్తో తింటే మాత్రం మిఠాయైనా, అన్నమైనా ఒకటే.

*నిద్రలో పళ్లు కొరికితే పురుగులున్నట్టే.* ఈ రెండింటికీ సంబంధం ఉన్నట్టు గట్టి రుజువుల్లేవు. మలపరీక్షే అసలు సాక్ష్యం.

*నెలకోసారి ఆముదం పట్టిస్తే చాలు.* విరేచనాలతో కొన్ని పురుగులు పడిపోవచ్చు. పేగు గోడను కరుచుకుని ఉన్న కొంకిపురుగు అంత తేలిగ్గా వదలదు. చిన్నపిల్లల్లో విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోయే ప్రమాదమూ ఉంది.

*మా ఇల్లు శుభ్రంగా ఉంటుంది, మా పిల్లలకు మాత్ర అక్కర్లేదు.* ఇల్లు మీదే. బడి మైదానం అందరిదీ.

ఒక తలుపు... వంద తలుపులు

నారికురుపుకు మందు లేకపోయినా ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమవుతుంది. అది ఊళ్లోకి రావడానికున్నది ఒకే తలుపు. అది ఊరి బావి. దాన్ని మూస్తే కథ ముగిసింది. పైగా కాలిమీద మంట ఎవరికి వారికి తెలిసేది. భయం అందర్నీ కదిలించింది. ఏలికపాముకు ప్రతి పెరడూ ఒక తలుపే. ప్రతి చెయ్యీ, ప్రతి కాలూ తలుపే. పైగా అది అరిపించదు, మంచాన పడేయదు. పిల్లను కాస్త పాలిపోయినట్టు, కాస్త బద్ధకంగా, చదువులో కాస్త వెనకబడినట్టు ఉంచుతుంది. 'దీనికి ఒళ్లు వంగదు' అని తల్లి తిడుతుంది. 'దీనికి బుర్ర లేదు' అని బడిలో అంటారు. కడుపులో ఎవరున్నారో ఎవరికీ తట్టదు.

నొప్పి పుట్టించిన పురుగును ఊరంతా కలిసి తరిమేసింది. చప్పుడు చేయని పురుగును ఎవరింట్లో వాళ్లు భరిస్తున్నారు. ఏటా ఒకటి రెండుసార్లు బడిలో ఇచ్చే మాత్ర మీ పిల్లకు మందు. పక్కింటివాళ్లు మరుగుదొడ్డి తలుపు తీసి లోపలికెళ్లడం కూడా మీ పిల్లకు మందే. మీరు వెళ్లడం వాళ్ల పిల్లకు మందు. మొదటిది ప్రభుత్వం ఇస్తోంది. రెండోది మాత్రం ఊరు తనకు తాను ఇచ్చుకోవాల్సిందే.